డ్రైవ్‌ఇన్ థియేటర్ నడపడం ఎలా? స్థలం వెతుక్కోవడం నుంచి రాత్రి లెక్క కట్టేదాకా

జనం తమ కార్లలోనే కూర్చుని ఆరుబయట తెర మీద సినిమా చూసే డ్రైవ్‌ఇన్ థియేటర్ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది తెర గురించి, ప్రొజెక్టర్ గురించి. అవి డబ్బు పెడితే దొరికే వస్తువులే. ఈ వ్యాపారం నిలబడాలన్నా కూలబడాలన్నా గేటు తెరిచినప్పటి నుంచి తెరమీద మొదటి బొమ్మ పడేదాకా ఉండే రెండు గంటల్లోనే తేలిపోతుంది. సినిమా బాగుంటుందో లేదో మీ చేతిలో లేదు. కార్లు సాఫీగా లోపలికి రావడం, ఎవరి ముందు ఎవరు నిలపాలో చూడటం, క్యాంటీన్ దగ్గర జనాన్ని విసిగించకుండా పంపడం మీ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి ప్రతి నిర్ణయం దగ్గరా ఆ రెండు గంటల్లో దానివల్ల ఏం జరుగుతుందో ముందే ఊహించుకుని అడుగు వేయండి.

మొదట చిన్నగా వేసి చూడండి

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం కామ్‌డెన్ దగ్గర రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ 1933 జూన్ 6న మొదటి డ్రైవ్‌ఇన్ తెరిచారు. అంతకుముందు ఆయన ఇంటి దగ్గరే ప్రయోగాలు చేశారు. కారు బానెట్ మీద ప్రొజెక్టర్ పెట్టి, చెట్లకు కట్టిన దుప్పటి మీద బొమ్మ వేశారు. దుప్పటి వెనక రేడియో పెట్టి సౌండ్ ఎంత దూరం వినిపిస్తుందో చూశారు. తోటకు నీళ్లు చల్లే స్ప్రింక్లర్‌తో కారు మీద వాన కురిపించి, అద్దంలోంచి బొమ్మ కనిపిస్తుందో లేదో పరీక్షించారు. ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టి, ఎంత ఎత్తు లేపితే ముందు కారు అడ్డు రాదో తేల్చుకున్నారు. ఆయనకు పేటెంట్ వచ్చింది ఆ దిమ్మల లెక్కకే.

మీరూ అదే దారిలో వెళ్లండి. ఖాళీ మైదానం ఒకటి కొద్ది రాత్రులకు అద్దెకు తీసుకుని, గాలి నింపే తెర ఒకటి తెచ్చుకుని, యాభై కార్లతో నడిపి చూడండి. ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కు, ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ మైదానంలో వేయడానికి పనికిరావు. బహిరంగ ప్రదర్శనకు విడిగా లైసెన్సు తీసుకోవాలి, టికెట్ పెట్టకపోయినా సరే. ఈ ట్రయల్ వేసినప్పుడు తెర వైపు చూడకుండా గేటు దగ్గరే నిలబడండి. ఎక్కడ ఆగిపోతున్నారు, ఏమని అడుగుతున్నారు, ఎందుకు హారన్ కొడుతున్నారు అన్నవి రాసుకుంటే అదే మీ అసలు ప్లాను.

స్థలాన్ని రాత్రిపూట చూడండి

పగలు వెళ్లి హద్దులు చూసుకుని అడ్వాన్సు ఇచ్చేయకండి. చీకటి పడ్డాక వెళ్లండి, వేర్వేరు రోజుల్లో వెళ్లండి. మైదానం మధ్యలో కారు ఆపి, లైట్లు ఆర్పి, పావుగంట కదలకుండా కూర్చోండి. రోడ్డు మలుపు తిరిగే లారీ లైట్లు మీరు తెర పెడదామనుకున్న వైపు కొడుతున్నాయా? పక్క గోడౌన్‌లో తెల్లవార్లూ ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయా? నది ఒడ్డునో చెరువు పక్కనో పల్లంగా ఉన్న చోటైతే పొగమంచు ముందుగా అక్కడే దిగుతుంది. వానలో సినిమా నడపొచ్చు కానీ దట్టమైన పొగమంచులో నడపలేరు. ప్రొజెక్టర్ కాంతి గాల్లోనే చెదిరిపోయి తెర దాకా వెళ్లదు.

దిక్కు చాలా ముఖ్యం. తెర ముఖం పడమర వైపు ఉండకూడదు. పొద్దు గుంకేటప్పుడు ఎండ నేరుగా తెర మీద పడుతుంది, ఆ తర్వాత ఆకాశంలో మిగిలే వెలుగు కూడా దాని మీదే పడుతుంది. అలా ప్రతి సాయంత్రం కొంత సమయం పోతుంది. తెర తూర్పు ముఖంగా ఉంటే సూర్యుడు దాని వెనక దిగుతాడు కాబట్టి బొమ్మ త్వరగా వేయొచ్చు. అప్పుడు జనం పడమర చూస్తూ కూర్చుంటారు, కాసేపు కళ్లలో ఎండ కొడుతుంది. తెర వెనక ఎత్తుగా చెట్లు పెంచితే ఆ బాధ తగ్గుతుంది. సూర్యుడు అస్తమించిన అరగంట తర్వాత మొదటి షో అనే లెక్కతో మొదలుపెట్టి, మీ ఊరి వేసవి, చలికాలాలను బట్టి సవరించుకోండి. ఈ అరగంటా గంటా తేడా చిన్నదేం కాదు. 1967 నుంచి అమెరికాలో చాలాచోట్ల వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం మొదలయ్యాక డ్రైవ్‌ఇన్ యజమానుల ఫస్ట్ షో ఒక్కసారిగా గంట ఆలస్యమైంది. పిల్లలున్న కుటుంబాలకు అది నిద్రవేళ.

ఇక ఎంత స్థలం కావాలి? కారుకు 10 అడుగుల వెడల్పు, వరుసకూ వరుసకూ మధ్య 40 అడుగులు వేసుకోండి. అంటే కారుకు 400 చదరపు అడుగులు. 300 కార్లకు లక్షా ఇరవై వేల చదరపు అడుగులు, అంటే దాదాపు రెండు ముప్పావు ఎకరాలు. ఇది వరుసలకు మాత్రమే. తెర ముందు వదలాల్సిన ఖాళీ, పక్కల దారులు, క్యాంటీన్, బాత్రూములు, లోపలే క్యూ నిలిపే దారి, బయటికి వెళ్లే దారి అన్నీ కలిపితే దానికి రెండున్నర రెట్లకు తక్కువ కాదు. ఏడు ఎకరాల కంటే చిన్న స్థలంలో 300 కార్లు పడతాయని ఎవరైనా చెప్తే, క్యూ ఎక్కడ నిలబడుతుందని అడగండి.

భూమి సొంతమా, లీజా అన్నది తొందరపడి తేల్చకండి. 1958 ప్రాంతంలో అమెరికాలో నాలుగు వేలకు పైగా డ్రైవ్‌ఇన్‌లు ఉండేవి. ఇప్పుడు దాదాపు మూడు వందలు మిగిలాయి. టీవీ వచ్చిందని, వీడియో వచ్చిందని చెప్తారు కానీ పెద్ద దెబ్బ భూమి ధరది. ఊరు పెరిగి ఆ ఎకరాల మీదికి వచ్చేసరికి, వారానికి కొన్ని రాత్రులు నడిచే వ్యాపారం కంటే ఆ నేల అమ్ముకోవడమే లాభంగా తోచింది. లీజు తీసుకుంటే ఐదేళ్లకు తీసుకోవద్దు. తెర పునాది పీకి వేరేచోట పెట్టుకునే వస్తువు కాదు. పదిహేనేళ్లు, పొడిగించుకునే హక్కుతో సహా కాగితం మీద ఉండాలి.

అనుమతుల విషయంలో దేశానికో పద్ధతి. అయినా ఎక్కడైనా అడిగేవి దాదాపు ఇవే: తెర రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కనిపించకూడదు, క్యూ రోడ్డెక్కకూడదు, ఇరుగుపొరుగుకు శబ్దం, వెలుతురు ఇబ్బంది కాకూడదు, అర్ధరాత్రి తర్వాత ఎన్ని గంటల దాకా నడుపుతారో చెప్పాలి. దరఖాస్తు పెట్టకముందే చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కలిసి మాట్లాడండి. విచారణ రోజు అభ్యంతరం చెప్పడానికి వచ్చేది వాళ్లే.

తెరకు గాలి లెక్క ముందు, తెలుపు లెక్క తర్వాత

80 అడుగుల వెడల్పు, 43 అడుగుల ఎత్తు తెర అనుకుందాం. సినిమాల్లో వాడే రెండు ప్రధాన కొలతల్లో 1.85 నిష్పత్తి (ఎత్తుకు 1.85 రెట్ల వెడల్పు) బొమ్మ దీన్ని పూర్తిగా నింపుతుంది. ఇంకా వెడల్పుగా ఉండే 2.39 నిష్పత్తి స్కోప్ బొమ్మకు ఇందులో ముప్పై మూడున్నర అడుగుల ఎత్తే పడుతుంది, పైనా కిందా ఖాళీ ఉంటుంది.

ఈ తెర విస్తీర్ణం 3,440 చదరపు అడుగులు, అంటే దాదాపు 320 చదరపు మీటర్లు. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే దాని మీద పడే ఒత్తిడి సుమారు 31 టన్నుల బరువుతో నెట్టినట్టు. ఆకారాన్ని బట్టి అది ఇంకా పెరుగుతుంది. అందుకని తెర పనిని హోర్డింగులు కట్టేవాళ్లకు అప్పజెప్పి ఊరుకోవద్దు. మీ ప్రాంతంలో వీచే గరిష్ఠ గాలి వేగానికి స్ట్రక్చరల్ ఇంజినీరు చేత డిజైన్ చేయించి, సంతకం తీసుకోండి. బీమా కంపెనీ కూడా ఆ కాగితమే అడుగుతుంది. ఉక్కు చట్రం మీద రేకులు బిగించి మెరుపు లేని తెల్ల రంగు వేయడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే మంచిది. రేకుల అతుకులు దగ్గర వరుసలకు గీతల్లా కనిపిస్తాయి కాబట్టి అక్కడ శ్రద్ధ పెట్టించండి. దుమ్మూ నాచూ పట్టిన తెర మసకబారుతుంది. సీజన్ మొదలయ్యేముందు కడిగించి, అవసరమైతే రంగు వేయించడం బడ్జెట్‌లో రాసుకోండి.

నేలను చెక్కడం

తెర కింది అంచు నేల నుంచి 12 అడుగుల ఎత్తులో ఉంటే పై అంచు 55 అడుగుల దగ్గర ఉంటుంది. కారు సీటులో కూర్చున్న మనిషి కన్ను నేలకు నాలుగు అడుగుల ఎత్తు. తెరకు 100 అడుగుల దూరంలో ఉన్న కారులోంచి పై అంచు చూడాలంటే చూపు 27 డిగ్రీలు పైకెత్తాలి. ముందు అద్దం అంత పైదాకా ఉండదు, కారు పైకప్పు అడ్డొస్తుంది. 300 అడుగుల దూరంలో ఉన్నవాళ్లకు 10 డిగ్రీలు చాలు. కాబట్టి కార్ల ముందు చక్రాలు ఎక్కించే మట్టి కట్టలు ముందు వరుసల్లో ఎక్కువ వాలుగా, వెనక్కి పోయేకొద్దీ తక్కువ వాలుగా ఉండాలి. ముందు చక్రాలు కట్ట మీద నిలబడితే కారు ముక్కు పైకి లేస్తుంది, బొమ్మ అద్దం మధ్యకు వస్తుంది.

మట్టి పని మొదలుపెట్టేముందు ఒక చిన్న కారు, ఒక పెద్ద కారు తెచ్చి, అనుకున్న దూరాల్లో నిలిపి, చక్రాల కింద దిమ్మలు మార్చి మార్చి పెట్టి చూడండి. వెనక సీటులో పిల్లవాడిని కూర్చోబెట్టి కనిపిస్తోందా అని అడగండి. డ్రైవరుకు కనిపిస్తే చాలదు.

వాననీళ్లు కట్టల మధ్య నిలవకుండా కాలువలు తీయండి. ఇది చెప్పినంత తేలిక కాదు. కట్టలన్నీ తెరకు ఎదురుగా విల్లులా వంగి పోతాయి, ప్రతి కట్టా ఒక ఆనకట్టే. నేల మీద కంకర వేస్తే దుమ్ము తగ్గుతుంది, బురదలో కార్లు దిగబడవు. గడ్డి చూడ్డానికి బాగుంటుంది కానీ రెండు వానలు వరుసగా పడితే ఆ వారాంతం షో రద్దు చేసుకోవాల్సి వస్తుంది.

ప్రొజెక్టర్

హాలు లోపల తెర నుంచి కంటికి రావాల్సిన వెలుగు 14 ఫుట్‌ల్యాంబర్టులని (తెర ఎంత వెలుగుగా ఉందో కొలిచే కొలత) సినిమా పరిశ్రమ ప్రమాణం. మన 3,440 చదరపు అడుగుల తెరకు ఆ లెక్కన ప్రొజెక్టర్ నుంచి 48 వేల ల్యూమెన్లకు పైగా కాంతి కావాలి. ఆరుబయట ఎవరూ అంత పెట్టరు. 5 ఫుట్‌ల్యాంబర్టులతో సరిపెట్టుకుంటే 17,200 ల్యూమెన్లు. మధ్యలో బూత్ (ప్రొజెక్టర్ గది) అద్దం కొంత తింటుంది, దీపం పాతబడేకొద్దీ కొంత తగ్గుతుంది. అందుకే 20 వేలకు పైన ఇచ్చే యంత్రం చూసుకోండి. తెర వెడల్పు, ఎత్తు రెండింతలు చేస్తే వెలుగు నాలుగింతలు కావాలని గుర్తుంచుకోండి. తెర పెద్దది చేసి బొమ్మ మసకగా వేసే థియేటర్‌కు జనం రెండోసారి రారు. కాస్త చిన్న తెర, చురుకైన బొమ్మ మంచిది.

సినిమాలు రీళ్ల నుంచి డిజిటల్‌కు మారిన 2012, 2013 సంవత్సరాల్లో ఒక్కో ప్రొజెక్టర్‌కు 70 వేల డాలర్ల పైన పెట్టలేక అమెరికాలో కొన్ని డ్రైవ్‌ఇన్‌లు మూతపడ్డాయి. సెకండ్‌హ్యాండ్ యంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. తీసుకుంటే సినిమా ఫైలును దాచుకునే సర్వర్, దాని తాళం విప్పి బొమ్మగా మార్చే మీడియా బ్లాక్‌లకు ఇంకా సపోర్టు ఉందో లేదో కనుక్కుని తీసుకోండి. జీనాన్ దీపమా, లేజరా అన్న ప్రశ్నకు జవాబు మీరు ఏడాదికి ఎన్ని రాత్రులు నడుపుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. జీనాన్ దీపాల ఆయుష్షు వందల గంటల్లో, మహా అయితే రెండు వేల గంటల దాకా. లేజర్ వెలుగు ఇరవై వేల గంటలు దాటుతుంది కానీ మొదటి ఖర్చు ఎక్కువ. జీనాన్ దీపంలో వాయువు చాలా ఒత్తిడిలో ఉంటుంది, పగిలితే గాజు ముక్కలు కత్తుల్లా దూసుకొస్తాయి. దాన్ని మార్చేటప్పుడు ముఖానికి కవచం, చేతులకు గ్లౌజులు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

బూత్‌లో ఏసీ, దుమ్ము వడపోసే ఫిల్టర్లు తప్పనిసరి. కరెంటు పోతే ఫ్యాన్లు ఆగి వేడి లోపలే ఉండిపోతుంది, కాబట్టి ప్రొజెక్టర్ చల్లబడేదాకా నడిపే బ్యాకప్ పెట్టండి.

సౌండ్ కారు రేడియోలోంచి

తొలినాళ్లలో తెర పక్కన పెద్ద లౌడ్‌స్పీకర్లు పెట్టేవాళ్లు. మాట వెనక వరుసలకు ఆలస్యంగా చేరేది, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు నిద్రపోలేకపోయేవాళ్లు. తర్వాత కారు కిటికీకి తగిలించే చిన్న స్పీకర్లు వచ్చాయి. ఇప్పుడు ఎఫ్ఎం.

ట్రాన్స్‌మిటర్ కొనేముందు మీ దేశంలో ఎంత శక్తికి అనుమతి ఉందో కనుక్కోండి. అమెరికాలో లైసెన్సు లేకుండా వాడాలంటే 3 మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులకు మించకూడదు, అంటే సుమారు 200 అడుగుల దాకానే వినిపిస్తుంది. కొన్ని దేశాల్లో లైసెన్సు లేకుండా అసలు ఆన్ చేయకూడదు. మైదానం పెద్దదైతే యాంటెన్నాను ఒక మూల కాకుండా మధ్యలో పెట్టండి.

ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడానికి ఇంట్లో కూర్చుని లిస్టు చూస్తే చాలదు. కారు తీసుకుని మైదానానికి రాత్రి వెళ్లి, డయల్ మొత్తం తిప్పి, ఏ మూల కూడా ఏ స్టేషనూ వినిపించని చోటు వెతకండి. పగలు ఖాళీగా ఉన్న చోట రాత్రి దూరపు స్టేషన్ వినిపించవచ్చు. వెనక మూలల్లో గరగర వస్తుంటే స్టీరియో మాని మోనోలో పంపి చూడండి, బలహీనమైన సిగ్నల్ కూడా శుభ్రంగా వినిపిస్తుంది. ఫ్రీక్వెన్సీని గేటు బోర్డు మీద, టికెట్ మీద, సినిమాకు ముందు తెర మీద పెద్ద అంకెల్లో వేయండి.

కొత్త కార్లతో వేరే తంటా. ఇంజిన్ ఆపగానే కొన్నింటిలో రేడియో పావుగంటకో అరగంటకో దానంతటదే ఆగిపోతుంది. కొన్నింటిలో రేడియో వేస్తే ముందు లైట్లు కూడా వెలిగే ఉంటాయి. చేతిలో పట్టుకునే బ్యాటరీ రేడియోలు ఒక ముప్పై కొని, డిపాజిట్ తీసుకుని అద్దెకివ్వండి. కారు బ్యాటరీలు దిగిపోయినవాళ్ల కోసం జంప్ స్టార్టర్లు రెండు ఛార్జింగ్‌లో పెట్టి ఉంచండి. ఆ సాయానికి డబ్బులు తీసుకోవద్దు. రాత్రి ఒంటిగంటకు పిల్లలతో ఇరుక్కుపోయినవాళ్లకు మీరు చేసిన సాయం ఎంత ప్రకటన ఇచ్చినా రాని పేరు తెస్తుంది.

సినిమా తెచ్చుకోవడం

డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందం మామూలుగా పర్సంటేజ్ మీద ఉంటుంది. కొత్త సినిమా మొదటి వారం కలెక్షన్‌లో సగానికి పైగా వాళ్లకే పోతుంది, వారాలు గడిచేకొద్దీ ఆ వాటా తగ్గుతుంది. ఇన్ని వారాలు తీయకుండా ఆడించాలన్న షరతు కూడా ఉంటుంది. ఒకే తెర ఉన్నవాళ్లను నలిపేసేది ఈ షరతే. రెండో వారానికే జనం పల్చబడినా మూడో వారం అదే బొమ్మ వేయాల్సి వస్తుంది. కాబట్టి పెద్ద సినిమా కదా అని ఎగబడకుండా, మీ దగ్గర ఎన్ని వారాలు నిలుస్తుందో లెక్కేసుకుని ఒప్పుకోండి. నన్నడిగితే, విడుదలై మూడు నాలుగు వారాలైన కుటుంబ సినిమాను తక్కువ వాటాకు తెచ్చుకుని, దానికి జతగా పాత ఇష్టమైన బొమ్మ ఒకటి వేయడం ఒకే తెరవాళ్లకు మేలు.

ఒకే టికెట్ మీద రెండు సినిమాలు డ్రైవ్‌ఇన్ సంప్రదాయం. పిల్లలు చూసేది ముందు, పెద్దవాళ్లది తర్వాత. అయితే ఆ ఒక్క టికెట్ డబ్బు రెండు సినిమాల మధ్య ఎలా పంచాలో ముందే రాతలో ఉండాలి. పక్కన వేరే కంపెనీ సినిమా వేయడానికి ఒప్పుకోని వాళ్లుంటారు, అడిగి తెలుసుకోండి. కారుకు ఇంత అని టికెట్ పెట్టాలనుకుంటే అది కూడా ముందే చెప్పండి. డిస్ట్రిబ్యూటర్లు సాధారణంగా తలకు ఇంత అనే కోరుకుంటారు, ఎందుకంటే వాళ్ల వాటా తలల లెక్క మీద ఉంటుంది.

సినిమా డీసీపీ అనే డిజిటల్ రూపంలో వస్తుంది, దానికి తాళం విడిగా కేడీఎం అనే ఫైలు. ఆ తాళం మీ సర్వర్‌కు మాత్రమే పనిచేస్తుంది, అదీ ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా. మీడియా బ్లాక్ మార్చితే ఆ సంగతి డిస్ట్రిబ్యూటర్‌కు చెప్పాలి, లేకపోతే పాత యంత్రానికి చేసిన తాళం వస్తుంది. డ్రైవ్‌ఇన్‌వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది చివరి రోజు గడువు. వాన వల్ల ఫస్ట్ షో గంట ఆలస్యమై, అర్ధరాత్రి దాటాక సెకండ్ షో మొదలుపెట్టాల్సి వచ్చిందనుకోండి. కేడీఎం గడువు 11:59కే ముగిస్తే సినిమా మొదలవదు, మైదానంలో కార్లు ఎదురుచూస్తూ ఉంటాయి. ఫైలు రాగానే గడువు చూసి, మరుసటి రోజు తెల్లవారుజాము దాకా పొడిగించమని అడగండి. ఒకరోజు ముందే సర్వర్‌లో వేసి, మొదటి ఐదు నిమిషాలు నడిపి చూడండి.

గేటు తెరిచాక

ఒక కారుకు టికెట్ ఇవ్వడానికి అర నిమిషం పడితే, ఒక లైనులో గంటకు 120 కార్లు. 300 కార్లకు ఒకే లైను పెడితే రెండున్నర గంటలు. మూడు లైన్లు పెడితే 50 నిమిషాలు. ఆన్‌లైన్ టికెట్లు అమ్మి, గేటు దగ్గర స్కాన్ మాత్రమే చేస్తే ఇంకా తగ్గుతుంది. క్యూలో ఒక్కో కారు ముందు ఖాళీతో కలిపి 23 అడుగులు తీసుకుంటుంది. వంద కార్లు ఆగితే 2,300 అడుగులు, అంటే ముప్పావు కిలోమీటరుకు దగ్గర. ఆ క్యూ అంతా మీ స్థలంలోనే వంకర్లు తిప్పి పట్టించాలి.

గేటు దగ్గర చేయాల్సిన అసలు పని ఎత్తైన బళ్లను వేరు చేయడం. టికెట్ ఇచ్చే మనిషి తలెత్తి చూసి, ఎత్తైన బండికి ఎర్ర కాగితం, మామూలు కారుకు తెల్ల కాగితం వైపర్ కింద పెడతాడు. లోపల టార్చితో నిలబడ్డ మనిషి ఎర్ర కాగితాన్ని వెనక వరుసలకో పక్కలకో పంపుతాడు. ఈ చిన్న పద్ధతి లేకపోతే గొడవలన్నీ సినిమా మొదలయ్యాక చీకట్లో జరుగుతాయి. వెనక డిక్కీ తలుపు లేపి, పరుపు వేసుకుని కూర్చునేవాళ్లకు ఒకే నియమం: తలుపు కారు పైకప్పు కంటే పైకి లేవకూడదు. దాన్ని కిందికి కట్టడానికి తాడు ముక్కలు గేటు దగ్గరే ఇవ్వండి. తాడు చేతిలో పెట్టి చెప్తే ఎవరూ కాదనరు.

ఇంజిన్ నడిస్తే పగలు కూడా వాటంతటవే వెలిగే ముందు లైట్లను ఆర్పడం తెలియనివాళ్లు ప్రతి షోలోనూ ఉంటారు. హ్యాండ్‌బ్రేక్ వేస్తే కొన్ని కార్లలో ఆరిపోతాయి. ఆరకపోతే మందపాటి గుడ్డ కప్పండి. మీ పనివాళ్లు పేరున్న మోడళ్లలో లైట్లు ఆర్పే మీట ఎక్కడుందో నేర్చుకుని ఉండాలి.

క్యాంటీన్

టికెట్‌లో సగానికి పైగా డిస్ట్రిబ్యూటర్‌ది అయినప్పుడు కరెంటు, జీతాలు, భూమి అద్దె కట్టేది క్యాంటీన్. 100 అమ్మితే సరుకుకు 25, 30 మించకుండా మెనూ పెట్టుకోండి. పాప్‌కార్న్, శీతల పానీయాలు ఆ లెక్కకు తేలిగ్గా అందుతాయి.

ఇంటర్వెల్ మీదే ఆశ పెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. 300 కార్లలో అరవై శాతం వస్తే 180 ఆర్డర్లు. 20 నిమిషాల ఇంటర్వెల్‌లో నిమిషానికి 9 ఆర్డర్లు ఇవ్వాలి. ఒక్కో ఆర్డర్‌కు నిమిషంన్నర పడితే పద్నాలుగు కౌంటర్లు కావాలి. అన్ని ఎవరూ పెట్టలేరు. అందుకే అమ్మకాన్ని ముందుకు జరపాలి. గేటు రెండు గంటల ముందు తెరవండి, ఎండ ఉన్నప్పుడే వచ్చినవాళ్లు వేడి భోజనం తింటారు. పిల్లలు ఆడుకోవడానికి తెర ముందు గడ్డి వదిలిపెట్టండి. ఫోన్లో ఆర్డర్ పెడితే వచ్చి తీసుకునే కిటికీ విడిగా ఉంచండి. కౌంటర్ దగ్గర అడిగి ఇచ్చే పద్ధతి బదులు, మనుషులు ట్రే పట్టుకుని నడుస్తూ వేడిపెట్టెల్లోంచి తామే తీసుకుని, చివర డబ్బు కట్టే వరుస పెడితే రెండు లైన్లతోనే చాలామందిని పంపొచ్చు. ఇంటర్వెల్‌లో తెర మీద ఇంకా ఎన్ని నిమిషాలుందో అంకెలు వేయండి, లైన్లో నిలబడ్డవాళ్లు కంగారుపడి వెనక్కి పోరు.

బయటి తిండి నిషేధిస్తారా? కారులో ఏముందో వెతకడం మర్యాద కాదు, గేటు దగ్గర టైమూ పోతుంది. దానికి కారుకు కొంత రుసుము పెట్టి అనుమతించడం చాలాచోట్ల నడుస్తోంది, గొడవ లేని దారి కూడా అదే.

బాత్రూములు క్యాంటీన్ పక్కనే, శుభ్రంగా, గంటకోసారి చూసే మనిషితో ఉండాలి. ఇంటర్వెల్‌లో ఆడవాళ్ల వైపు లైను ఎంత ఉందో చూస్తే మీరు ఎన్ని తక్కువ కట్టారో తెలుస్తుంది.

చీకట్లో భద్రత

లోపల కార్ల వేగం మనిషి నడకను మించకూడదు. నడిచే దారుల్లో మోకాలి ఎత్తు దీపాలు, కిందికి మాత్రమే వెలుగు పడేలా కప్పు వేసి పెట్టండి. షో మొదలయ్యాక వచ్చే కార్లను మనిషి ముందు నడిచి తీసుకెళ్లాలి. ఇంజిన్లు నడుపుతూ కూర్చోనివ్వకండి. వెనక దుప్పటి పరుచుకుని పడుకున్న పిల్లల ముఖానికి ఆ పొగ తగులుతుంది. ఉరుములు మెరుపులు దగ్గరికొస్తే బయట కూర్చున్నవాళ్లందరినీ కార్లలోకి వెళ్లమని ఎఫ్ఎంలోనే చెప్పొచ్చు. ఇందుకోసం బూత్‌లో మైకు ఒకటి ట్రాన్స్‌మిటర్‌కు కలిపి ఉంచండి.

వాన, సీజన్, మిగిలిన పగళ్లు

మామూలు వానకు షో ఆపరని, కరెంటు పోయినా, పొగమంచు కమ్మినా, గాలి హెచ్చరిక వచ్చినా వేరే రోజుకు పాస్ ఇస్తారని టికెట్ మీదే రాయండి. డబ్బు వెనక్కి ఇచ్చే మాట వేరు, పాస్ వేరు. ఇది ఆ రాత్రి గేటు దగ్గర మాట్లాడుకునే విషయం కాకూడదు.

లెక్క ఇలా వేయండి. ఏడు నెలల సీజన్, వారానికి మూడు రాత్రులు అంటే సుమారు 90 రాత్రులు. వాతావరణం తినేసేవి 15 తీసేయండి. మిగిలిన 75 రాత్రులతో ఏడాది ఖర్చు భాగిస్తే ఒక్కో రాత్రి ఎంత రావాలో తేలుతుంది. దాన్ని సగం మైదానం నిండితే వచ్చే ఆదాయంతో పోల్చండి. హౌస్‌ఫుల్ రాత్రితో పోల్చి అప్పు తేవద్దు. లోటు కనిపిస్తే పగళ్లు వాడుకోండి. అమెరికాలో చాలా డ్రైవ్‌ఇన్‌లు ఆదివారం పొద్దున పాత సామాన్ల సంతలు నడిపి అమ్మకందార్ల నుంచి అద్దె తీసుకున్నాయి. 2020లో హాళ్లు మూసినప్పుడు స్నాతకోత్సవాలు, ప్రార్థనలు, సంగీత కచేరీలు ఆ మైదానాల్లోనే జరిగాయి. వరుసలు, బాత్రూములు, సౌండు అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి వీటికి కొత్తగా పెట్టేది తక్కువ.

షో అయ్యాక

చివరి పేర్లు పడుతుండగానే వెలుగు నెమ్మదిగా పెంచండి. వరుసల వారీగా వదలండి, అందరూ ఒక్కసారిగా కదిలితే గేటు దగ్గర ఇరుక్కుంటారు. కదలని కార్ల దగ్గరికి వెళ్లి కిటికీ తట్టండి. కొందరు నిద్రపోయి ఉంటారు, కొందరి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. అద్దె రేడియోలు లెక్కపెట్టి తీసుకోండి.

తర్వాత గేటు దగ్గర అమ్మిన టికెట్లూ వరుసల్లో లెక్కపెట్టిన కార్లూ సరిపోయాయో లేదో చూడండి, తేడా వస్తే ఆ రాత్రే తేల్చండి. ఒక్కో సినిమాకు విడివిడిగా కలెక్షన్ రిపోర్టు రాసి డిస్ట్రిబ్యూటర్‌కు పంపండి. దీపం ఎన్ని గంటలు వెలిగిందో బూత్ పుస్తకంలో ఎక్కించండి. క్యాంటీన్‌లో ఏది ముందు అయిపోయింది, ఏ గంటకు అయిపోయింది అన్నది రాసుకుంటే మర్నాటి సరుకు ఆర్డర్ దాన్నిబట్టి పెట్టొచ్చు. వచ్చే వారం సినిమా కేడీఎం వచ్చిందో లేదో చూసుకుని, బూత్‌కు తాళం వేయండి.